పరుగెత్తితే ఫౌల్

నవంబర్ 9, ఆదివారం

నువ్వు దొంగవి. అడక్కుండా ఒకడి డైరీ తెరిచినందుకు కాదు, అది చిన్న దొంగతనం. నీ ఇంట్లో ఒక మగవాడు మాట్లాడటం మానేసి నెలలు దాటింది. నువ్వు చూశావు. చూసి, 'ఆయన స్వభావమే అంత' అని పేరు పెట్టి టీవీ సౌండు పెంచుకున్నావు. ఆయన మౌనం నీకు సుఖంగా ఉంది. గొడవ లేదు, జవాబు చెప్పాల్సిన పని లేదు. రేపు ఏదైనా జరిగితే 'ఒక్క మాట చెప్పి ఉంటే' అని ఏడుస్తావు. ఆ ఏడుపు మీద నాకు జాలి లేదని ఇప్పుడే రాసి పెడుతున్నాను.

ఈ ముక్క పత్రికకి పనికొస్తుంది. పంపను. ఇది మా బావ సంగతి.

మొన్న కోటేశ్వరి ఫోన్ చేసింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే నా చెల్లెలు గుసగుసగా మాట్లాడింది. "అన్నయ్యా, నువ్వొకసారి రా. మీ బావ మాట్టాట్టంలా. అన్నం ముందు కూర్చుంటాడు, లేస్తాడు. పొలం మందులన్నీ తీసుకెళ్ళి వెంకటరావమ్మత్త ఇంట్లో పెట్టొచ్చా. అన్నీ ఉన్నయ్యో లేదో తెలీదు."

ఆ చివరి మాటకే గుంటూరు బ్రాడీపేటలో గదికి తాళం వేసి బస్సెక్కాను. కాలేజీవాళ్ళు ఎలాగూ 'కొంతకాలం విశ్రాంతి తీసుకోండి సార్' అన్నారు. స్టాఫ్ రూములో నేను కొంచెం గట్టిగా మాట్లాడిన మాట నిజమే. దానికీ దీనికీ సంబంధం లేదు. నేను వచ్చింది బావ కోసం. నాకేం లేదు.

బావ వసారాలో మంచం మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. పత్తి ట్రాక్టర్లు వెళ్ళిన దారి అంతా తుమ్మకొమ్మలకి దూది పట్టుకుని ఉంది. "ఏం బావా" అన్నాను. మేమిద్దరం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. తలూపాడు. ముప్పై ఏళ్ళ నుంచి నాతో రాజకీయాలు మాట్లాడి, ఓడిపోయి, మళ్ళీ మాట్లాడిన మనిషి. ఇప్పుడు ఒక తలూపు.

ఒక ఏడు మిరపని నల్లతామర పురుగు తిన్నది. ఇంకో ఏడు ధర తిన్నది. కౌలు చేను. ఇంతే కారణం అనుకుంటే నువ్వు మళ్ళీ దొంగవే.

నవంబర్ 10

బావ మాట్లాడలేదు. నేను ఎక్కువ మాట్లాడాను.

నవంబర్ 12

ఊళ్ళో ఆసుపత్రి నర్సు లిడియా వచ్చింది. ఒక చేతిలో బీపీ మిషను, ఇంకో చేతిలో ఫుట్‌బాల్. ముప్పై ఐదేళ్ళుంటాయి. కేరళలో నర్సింగ్ చదివిందట, బంతి పిచ్చి అక్కడ పట్టిందట. ఆదివారం పొద్దున మగవాళ్ళందరూ దుర్గాప్రసాద్ గారి మిరప కల్లంలో ఆడాలట. నలభై దాటినవాళ్ళకే. పరుగెత్తకూడదు, నడుస్తూనే ఆడాలి. ఆడే ముందు ఒకసారి చేతికి బీపీ పట్టీ కట్టించుకోవాలి.

"ఆసుపత్రికి రమ్మంటే ఒక్కడూ రాడండి. 'మాకేం రోగం' అంటారు. బంతి అంటే వస్తారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, రైతు ఆరోగ్యం అంటే గిట్టుబాటు ధర, పంట బీమా, కౌలు కార్డు, మండలానికొక మనసు డాక్టరు. అవేవీ ఇవ్వకుండా బంతి ఇస్తారా? ఇది సర్కారు మోసం. మనిషి మునుగుతుంటే ఈల వేసి ఆడుకోమన్నట్టుంది."

"సర్కారు ఇవ్వలేదు సార్. బంతి నేనే కొన్నా."

"అది ఇంకా అన్యాయం. వాళ్ళు చేయాల్సింది మీరు చేస్తే వాళ్ళకి హాయి."

"ధర కోసం మీరు పోట్లాడండి. నేనొద్దన్నానా? ధర వచ్చేదాకా వీళ్ళు బతికుండాలి కదండి."

జవాబు నా దగ్గర ఉంది. ఆమె వెళ్ళిపోయాక దొరికింది. 'బంతితో బుజ్జగింపు' అని వ్యాసం రాస్తాను. రాయాలంటే చూడాలి కాబట్టి ఆదివారం వెళతాను. చూడటానికి.

నవంబర్ 16, ఆదివారం

బావ వచ్చాడు!

నేను పిలిస్తే రాలేదు. సిలార్ వచ్చాడు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర లారీ నడుపుతాడు. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పొడి. గడపలో నిలబడి, "రోశయ్య బాబాయ్, గోలీ లేడు. ఆడొద్దులే, గోలు దగ్గర ఊరికే నిలబడు చాలు" అన్నాడు. బావ కాసేపు ఆలోచించి చెప్పులు వేసుకున్నాడు. ఆయనకి ఇప్పుడు చేతనైన పని అదొక్కటే కాబోలు, నిలబడటం. అది అడిగిన మొదటి మనిషి సిలార్.

కల్లం అంటే చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టి చదును చేసిన నేల. కాయ ఎండబోసే నాలుగు నెలలూ ఎర్రటి సముద్రం. మిగతా ఏడాదంతా ఖాళీ. ఈ పొద్దున దాని మీద మంచు నిలబడి ఉంది. అవతలి గోలు కనిపించలేదు. ఆ మంచులోంచి లుంగీలు ఎగ్గట్టిన మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, నేలలోంచి మొలిచినట్టు. ఒక పక్క గోలుకి రెండు పాత టైర్లు, ఇంకో పక్క మట్టి నింపిన ఎరువు బస్తాలు.

లిడియా పట్టీ కడుతుంటే ఇద్దరు ముగ్గురు చెయ్యి ఇవ్వడానికి వెనకాడారు. ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆమె పుట్టిన పేట వల్ల. వాళ్ళ పేర్లు రాద్దామనుకున్నాను, పత్రికలో వేద్దామనుకున్నాను. ఆమె వాళ్ళ వంక చూడకుండానే, "చెయ్యి ఇవ్వనోళ్ళు బయట కూర్చోండి, ఆట బాగానే కనబడుద్ది" అంది. ఆట మొదలయ్యాక వచ్చి చెయ్యి చాపారు. చాపినంత మాత్రాన మారినట్టు కాదు. అయినా చాపారు.

నడిచి ఆడటం నవ్వులాట. బస్సు అందుకోవాలి కానీ పరుగెత్తితే పరువు పోతుందన్నట్టు పిక్కలు బిగించి నడుస్తున్నారు. ఆదెయ్యకి అరవై దాటాయి, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసి మానేసిన మనిషి. వాడి నడక అందరి పరుగు కంటే వేగం. "ఫౌల్! ఫౌల్! పరుగెత్తాడు!" అని సిలార్ కేకలు. "నడకరా అది! మా నడకే అంత! మీ లారీ కంటే నయం!"

పది నిమిషాలు కాలేదు, ఒకడు తుమ్మాడు. తర్వాత ఇంకొకడు. నిరుటి కాయ పొట్టు, గింజల పొడి నెర్రెల్లో ఇంకా ఉంది. పైపైన ఊడ్చి అంతా పోయిందనుకున్నారు. మిరపకాయలో పుట్టి పెరిగినవాళ్ళు, ఈ ఒక్క సంగతి ఒక్కడికీ తట్టలేదు! మడమ దిగిన చోటల్లా ఘాటు లేచింది. బంతికి అంటింది, బంతిని తలతో కొట్టినవాడి కళ్ళలో పడింది. మొదటి గోలు పడకముందే కల్లంలో ఉన్న మగవాళ్ళందరూ ఏడుస్తున్నారు.

"ఏందిరా సిలారూ, మీ అత్త పోయినప్పుడు కూడా ఇంతిదిగా ఏడవలేదే!" అన్నాడు ఆదెయ్య.

"అప్పుడు ఘాటు లేదు మావా!"

నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది, కన్నీళ్ళు ఆగలేదు. మంచులో, ఎర్ర పొడిలో, ఒకరికొకరు వీపు తిప్పి నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. కొందరు అవసరమైనదానికంటే ఎక్కువసేపు తుడుచుకున్నారు. ఎవరి ఏడుపు కాయది, ఎవరి ఏడుపు తనది అని ఎవరూ అడగలేదు.

బావ ఒక్కడే టైర్ల మధ్య పొడి కళ్ళతో నిలబడ్డాడు.

నేను ఆడలేదు. గీత దగ్గర నిలబడి పరిశీలించాను. బంతి నా వైపు వస్తే తన్నాను, అది వేరు.

నవంబర్ 17

పిక్కలు నొప్పి. పరిశీలన వల్ల.

నవంబర్ 23, ఆదివారం

బంతి బావ కాళ్ళ దగ్గరికి వచ్చింది. వంగి తీసి ఆదెయ్యకి ఇచ్చాడు. మాట లేదు. కోటేశ్వరికి చెబితే పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే, "వంగాడా?" అంది. "వంగాడు" అన్నాను. అంతే.

కాసేపయ్యాక అంది, "మీ మగాళ్ళకి బంతి ఇచ్చారు. మందు డబ్బాలు దాచుకుంటా, రాత్రిళ్ళు ఆయన ఊపిరి వింటా పడుకునే నాకు ఎవరిస్తారన్నయ్యా?"

స్త్రీల సమస్య మీద నేను రెండు పుస్తకాలు రాశాను. ఏ పుటలోనూ ఈ ప్రశ్న లేదు.

నవంబర్ 30, ఆదివారం

సిలార్ బట్టీ నుంచి తడపని సున్నం తెచ్చి గీతలు గీశాడు. మంచు పడి గీతలు పొగలు చిమ్మాయి. ఉత్త కాళ్ళతో గీత దాటినవాళ్ళు గంతులేశారు. "పరుగెత్తితే ఫౌల్ అన్నారు, గెంతితే ఏం అన్లా!" అని ఆదెయ్య. లిడియా సిలార్‌ని తిట్టిన తిట్లు నేను పత్రికలో కూడా రాయలేను. గీతలన్నీ తుడిపించింది. ఇక నుంచి గీతలు లేవు. ఎక్కడిదాకా కల్లమో అక్కడిదాకా ఆట.

నన్ను పట్టీ కట్టించుకోమంది. కాఫీ తాగాను, తప్పు చూపిస్తుందన్నాను.

డిసెంబర్ 3

కల వచ్చింది. పెద్ద సభ. నేను మాట్లాడుతున్నాను. కింద కుర్చీల్లో మిరప మొక్కలు కూర్చుని ఉన్నాయి. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. నేను గొంతు పెంచిన కొద్దీ ఇంకా ముడుచుకుంటున్నాయి. చివరి వరసలో బావ నీళ్ళ పాయ తిప్పుతున్నాడు. పార శబ్దం తప్ప ఏమీ వినబడలేదు, నా మాటలు నాకే వినబడలేదు. నిద్ర లేచాక కూడా ఆ శబ్దం కాసేపు ఉంది.

వ్యాసం మొదలుపెట్టలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

ఇవాళ అందరి ముందూ వాదించాను. బాగా వాదించాను. ఊళ్ళో సందుకొక బెల్టు షాపు ఉంది, మగవాడు తాగకుండా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోటు ఒక్కటీ లేదు. సినిమాలో మగవాడు నరుకుతాడు, ఇంట్లో అరుస్తాడు, పొలంలో నోరు మూసుకుంటాడు. మగవాడికి నేర్పింది ఈ మూడే. దీన్నే పౌరుషం అంటున్నారు. ఈ పౌరుషాన్ని తగలబెట్టాలి.

"తగలబెడదాం సార్, ముందు బంతి ఇటు ఇవ్వండి" అన్నాడు సిలార్. బంతి నా కాలి కింద ఉంది. మాట్లాడుతూ తొక్కి పెట్టాను.

బావ పెదవులు కదిలినట్టు అనిపించింది. నవ్వు కావచ్చు. మంచు.

డిసెంబర్ 14, ఆదివారం

లిడియా పట్టీ కట్టేసింది. నేను ఆదెయ్యతో ఆఫ్‌సైడు గురించి పోట్లాడుతుంటే వెనక నుంచి వచ్చి. మిషను చూసింది. రెండోసారి కట్టింది. మళ్ళీ చూసింది.

"మిషను పాడైంది" అన్నాను.

"రేపు ఆసుపత్రికి రండి సార్."

"నేను బావ కోసం వచ్చినవాణ్ణి."

"ఇక్కడికి అందరూ ఎవరో ఒకరి కోసమే వచ్చారండి. ఆదెయ్యగారు సిలార్ కోసమంట. సిలార్ మీ బావగారి కోసమంట."

వెళ్ళలేదు. పని ఉంది.

డిసెంబర్ 21, ఆదివారం

తెల్లవారుతుంటే కోటేశ్వరి లేపింది. మంచం ఖాళీ. చెప్పులు లేవు.

బయట తెలుపు తప్ప ఏమీ లేదు. గట్టు ఉందో లేదో కాలితో తడిమి తెలుసుకోవాలి. "బావా" అని అరిస్తే అరుపు నాలుగడుగుల్లో ఆగిపోతోంది. పత్తి చేల మధ్య పరుగెత్తాను. దూది తీసిన కాయలు విచ్చుకుని, తడిసి, ఎటు చూసినా అవే. ఎంతసేపు పరుగెత్తానో తెలియదు. ఒక దశలో నేను పరుగెత్తటం లేదు, చేను వెనక్కి పోతోంది అనిపించింది. ఛాతీలో ఎవరో దిమ్మిస కొడుతున్నట్టుంది.

మోటారు షెడ్డు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నీళ్ళు పెట్టటానికి వచ్చా" అన్నాడు.

నేను వచ్చాక ఆయన అన్న మొదటి మాట ఇది.

కరెంటు లేదు. మోటారు తిరగటం లేదు. రాస్తున్నాను, అంతే.

పక్కన కూర్చున్నాను. నాకు ఊపిరి సరిగా రావటం లేదు. మంచు పొర కొద్దిగా పలచబడ్డాక లేచి, ఇద్దరం నడిచి వస్తుంటే కల్లం దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. ఆట మొదలుపెట్టలేదు. "గోలీ వచ్చాడ్రా!" అని ఎవరో అరిచారు. మంచులో ఎవరో తెలియలేదు. బావ బురద కాళ్ళతోనే వెళ్ళి టైర్ల మధ్య నిలబడ్డాడు.

డిసెంబర్ 22

మంచులో పరుగెత్తితే ఎవరికైనా ఆయాసం వస్తుంది. నాకేం లేదు.

డిసెంబర్ 28, ఆదివారం

రాత్రి జల్లు పడింది. పొద్దునకి కల్లం అంతా తడి. పొడి అనేది లేదు, నేల మెత్తగా, చల్లగా, నల్లగా ఉంది. ఇవాళ ఘాటు లేవదు, హాయిగా ఆడొచ్చు అనుకున్నాం.

ఆదెయ్య బంతి నెమ్మదిగా తన్నాడు. అది తడి నేల మీద దొర్లి దొర్లి బావ వైపు పోయింది. చిన్న పిల్ల కూడా ఆపగల బంతి. బావ కదల్లేదు. బంతి గోలులోకి పోలేదు, ఆయన కాళ్ళకి అడుగు దూరంలో తడికి తనే ఆగిపోయింది. అందరం నిలబడిపోయాం. మంచు మా మధ్యలోంచి కదులుతోంది.

బావ వంగాడు. బంతి తీసుకున్నాడు. దాన్ని పొట్టకి పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. భుజాలు ఊగాయి. శబ్దం తర్వాత వచ్చింది. పశువు గొంతులో నుంచి వచ్చినట్టు వచ్చింది.

సిలార్ ముందుగా తేరుకున్నాడు. రెండు కళ్ళూ గట్టిగా నులుముకుంటూ, "అబ్బ, ఏం ఘాటురా నాయనా! నిరుటి కాయ ఇంకా చావలా" అన్నాడు. తడి నేల మీద నిలబడి అన్నాడు. ఆదెయ్యకి అర్థమైంది. "తేజ కాయ కదరా, ఊరకే పోద్దా" అని కండువాతో మొహం కప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టారు. నేనూ నులుముకున్నాను. కొద్దిసేపటికి నా చేతులు నిజంగానే తడిశాయి.

బావ తలెత్తి మమ్మల్ని చూశాడు.

"ఘాటు కాదురా సిలారూ" అన్నాడు.

సిలార్ చేతులు దించాడు.

"పోయిన ఆదివారం నేను నీళ్ళు పెట్టటానికి పోలా."

బావ బంతిని పొట్టకి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఒక డబ్బా మోటారు షెడ్డులో ఉంది. మీ పిన్నికి తెలీదు. అది చూసుకుంటా కూర్చున్నా. ఇవాళ ఆదివారం కదా, గోలీ లేడని వీళ్ళు ఆగుతారేమో అనిపించింది. అంతే. అదొక్కటే అనిపించింది. ఇంకేం అన్పించలా."

నా నోరు తెరుచుకుంది. ఈ దేశంలో రైతుని ఎవరు ఈ స్థితికి తెచ్చారో నాకు తెలుసు, పేరు పేరునా చెప్పగలను. బావ చెయ్యెత్తాడు.

"నువ్వు కాసేపు ఊరుకో బావా."

ఊరుకున్నాను. తడి నేల మీద కూర్చున్నాను. అందరూ కూర్చున్నారు. లిడియా కూడా వచ్చి కూర్చుంది, పట్టీ తీయలేదు. ఆదెయ్య నేల చూస్తూ, భార్య పోయాక తను గోడతో మాట్లాడతానని చెప్పాడు. సిలార్ లారీ నడుపుతూ వంతెనల దగ్గర స్టీరింగు గట్టిగా పట్టుకుంటానన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వలేదు. బంతి బావ ఒళ్ళోనే ఉంది. ఎండ వచ్చింది. మా ఒంటి నుంచి ఆవిరి లేచింది.

తర్వాత సిలార్, ఆదెయ్య బావతో కలిసి షెడ్డుకి వెళ్ళారు. డబ్బా తెచ్చి లిడియా చేతికి ఇచ్చారు.

డిసెంబర్ 29

నేనే వెళ్ళి పట్టీ కట్టించుకున్నాను. కాఫీ తాగకుండా వెళ్ళాను. మిషను పాడవలేదు. ఇవాళ్టి నుంచి రోజూ మాత్ర.

జనవరి 2

బావని గుంటూరు తీసుకెళ్ళాం. బ్రాడీపేటలో నా గదికి రెండు వీధుల అవతలే మనసు డాక్టరు బోర్డు ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ బోర్డు కింద నుంచి నడిచాను, ఒక్కసారి తలెత్తి చదవలేదు. బావ లోపల చాలాసేపు మాట్లాడాడు. నన్ను రావద్దన్నాడు. మందులు రాశారు. నెలకోసారి రమ్మన్నారు. ఆట మానొద్దన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా చెట్లకి, తీగలకి, ముళ్ళకి దూది. సాయంత్రపు ఎండ పడి కొన్ని చోట్ల ఎర్రగా, కొన్ని చోట్ల పసుపుగా. "ఇంత దూది ఊరికే పోతంది చూడు బావా, ఏరితే ఒక పరుపు" అన్నాడు. నిజమే అన్నాను. ఆ తర్వాత ఇద్దరం నిద్రపోయాం. ఒకరి భుజం మీద ఒకరు పడి. కండక్టరు లేపాడు.

బంతి నయం చేసిందని రాయను. అలా రాసినవాణ్ణి నేనే ఉతుకుతాను. నయం చేయాల్సింది డాక్టరు, ధర, బీమా. కానీ ఆ మనిషి డాక్టరు దాకా నడవాలంటే ముందు ఒకచోట నిలబడాలి. 'బంతితో బుజ్జగింపు' కాగితాలు పొయ్యిలో వేశాను. శీర్షిక ఒక్కటే ఉంది వాటి మీద.

జనవరి 7

ఇవాళ మళ్ళీ మాట్లాడలేదు. అన్నం సగంలో వదిలేశాడు. లిడియా అంది, ఇలాంటి రోజులు వస్తాయట.

జనవరి 11, ఆదివారం

ఆడాం. బావ ఆదెయ్య మీద అరిచాడు. "పరుగెత్తావు మావా, ఫౌల్!" ఊళ్ళో సగం మందికి వినబడి ఉంటుంది.

జనవరి 18, ఆదివారం

కల్లం లేదు.

పొద్దున బంతి తీసుకుని వెళ్ళేసరికి నేల చెక్కి, దిమ్మిస కొట్టి, పట్టాలు పరిచి ఉన్నాయి. ఒక మూల అప్పటికే కాయ. మంచులో ఆ ఎరుపు మండుతున్నట్టు లేదు, నిద్రపోతున్నట్టుంది. నేను దుర్గాప్రసాద్ గారి మీదికి వెళ్ళాను. అన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళాను, భూస్వామ్యం దగ్గర నుంచి.

ఆయన బనీనుతో పట్టా అంచుకి రాయి పెడుతున్నాడు. "ఏం చెయ్యమంటారు వేణుగోపాల్ గారూ. కల్లం కాయ కోసమేగా. మీ బావ కాయ కూడా ఇక్కడే పోస్తాం. రేపు వాన పడితే ఎవరం ఏడుస్తాం? పోయినవారం దాకా నేనూ ఆడాగా."

ఆడాడు. మా జట్టు మీద గోలు కూడా వేశాడు. తిట్టడానికి మనిషి దొరకలేదు. ఇంతకంటే కష్టం నాకు ఈ మధ్య రాలేదు.

బడి ఆవరణ ఉంది. ఆదివారం తాళం. అడిగితే, పైనుంచి కాగితం ఉండాలన్నారు. పంచాయతీ స్థలం ఉందన్నారు, వెళితే అక్కడ ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి.

జనవరి 25

ఆట లేదు. ఆదెయ్య కనబడలేదు. సిలార్ బెల్టు షాపు దగ్గర కనబడ్డాడు, చూసి చూడనట్టు తిరిగాడు. మొదటి కోత కాయ యార్డుకి వెళ్ళింది. ధర పడిపోయిందని ఫోన్లు.

బావ మాత్ర వేసుకుంటున్నాడు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

జనవరి 28

కల. కల్లం నిండా కాయ. మేమందరం దాని మీద నడుస్తున్నాం, ఒక్క కాయ కూడా నలగడం లేదు. ఎక్కడో బంతి ఉంది, ఎరుపు కింద. ఎవరి కాలికీ తగలడం లేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

అసలు సంగతి ఇప్పుడు తట్టింది, ఇంత ఆలస్యంగా. ఊళ్ళో మగవాళ్ళు నోరు మూసుకునేది ఎప్పుడు? ధర పడినప్పుడు. ధర పడేది ఎప్పుడు? కాయ వచ్చినప్పుడు. ఆట ఆగేది ఎప్పుడు? కాయ వచ్చినప్పుడే. సుఖంగా ఉన్న నెలల్లో ఆడి, ప్రాణం మీదికి వచ్చే నెలల్లో మానేస్తున్నాం. అందరూ మంచివాళ్ళే ఉండి, ఒక్కడు కూడా తప్పు చేయకుండానే మనిషి పోయే ఏర్పాటు ఇది.

పొద్దున వసారాలో కూర్చుని ఇది కోటేశ్వరికి గట్టిగా వివరిస్తున్నాను. చేతులు ఊపుతూ. లోపలి గదిలోంచి బావ వచ్చాడు. రెండు రోజులుగా లేవనివాడు. గడప పట్టుకుని నిలబడ్డాడు. నా వాదం అంతా విని ఉంటాడనుకున్నాను, ఒప్పుకుంటాడో కాదంటాడో అనుకున్నాను.

"వచ్చే ఆదివారం ఎక్కడ బావా?" అన్నాడు.

కోటేశ్వరి గిన్నె పక్కన పెట్టింది. ఆయన నోట రాబోయే రోజు మాట విని ఎంత కాలమైందో ఆమెకు తెలుసు. నన్ను చూసింది. 'చెప్పు మరి, ఇన్నేళ్ళు మాట్లాడావుగా' అన్నట్టు.

చెబుతున్నాను. ఇక్కడ రాసి, రేపు తెల్లకాగితం మీద దించి, లిడియా, సిలార్, ఆదెయ్య, దుర్గాప్రసాద్ గారు, నేను, బావ సంతకాలు పెట్టి పంచాయతీలో ఇస్తాం. ఉపన్యాసం లేదు. బావ ఉండొద్దన్నాడు.

మా డిమాండ్లు:

బడి ఆవరణ గేటు ఆదివారం పొద్దున తెరవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్క ఆదివారం కూడా మూయకూడదు.

పంచాయతీ స్థలంలో పాతిన ప్లాట్ల రాళ్ళు పీకేయాలి.

లిడియా గారిని కాయ సీజనులో వేరే ఊరి డ్యూటీకి పంపకూడదు. రెండో బంతి ఆమె చేత కొనిపించకూడదు.

మనసు డాక్టరు నెలకొకసారి మన ఊరి ఆసుపత్రికి రావాలి. మేము గుంటూరు వెళ్ళడం కాదు.

ఆడవాళ్ళకి వారంలో ఒక సాయంత్రం ఆవరణ ఇవ్వాలి. ఆ సాయంత్రం ఇంట్లో వంట మగవాళ్ళు చేయాలి.

పురుగుమందులు ఇళ్ళలో, మోటారు షెడ్లలో ఉండకూడదు. ఊరికంతటికీ ఒక తాళం గది కట్టాలి. తాళంచెవి ఒక్కరి దగ్గర ఉండకూడదు.

కౌలు రైతుకి కార్డు ఇవ్వాలి. కాయకి గిట్టుబాటు ధర కోతకు ముందే చెప్పాలి.

పట్టీ కట్టించుకోనివాడికి ఆట లేదు, సర్పంచ్ అయినా సరే.

గోలులో రోశయ్య నిలబడతాడు.

ఇవన్నీ అయ్యేదాకా, వచ్చే ఆదివారం నుంచి, బడి గేటు ముందు రోడ్డు మీదే ఆడతాం. లారీలు ఆగాలి.